రెండు బారల ఎత్తున

పొగతోట ఆసుపత్రి, మూడో అంతస్తు.
గుండు చేసిన తలలోకి ముప్పైరెండు తీగలు దించి
నన్ను మేలుకునే ఉండమన్నారు.
"నిద్రపోతే పని జరగదు మస్తానమ్మా"
అన్నాడు మీట దగ్గర కూర్చున్న ఖలీలు.
నాకు నవ్వొచ్చింది.
ఇసకపల్లి ఉప్పు మడుల్లో మేస్త్రీదీ
ఇదే మాట, ఇదే గొంతు.

మొదట కొంచెం వదిలారు కరెంటు.
మంచంలోకి దిగబడిపోయినా,
తడి ఆరని గట్టు మీద అడుగేసినట్టు.
చెప్పినా. నీరజాక్షమ్మ రాసుకుంది.
ఇంకొంచెం.
కుడిచెవికి పైన ఎక్కడో
చీమ నడిచినంత కూడా లేదు,
అంతలోనే పైన ఉండా.

నొప్పి లేదు.
ఫ్యాను రెక్క తగులుతుందేమోనని ఒక్కటే బెదురు.
కింద పచ్చదుప్పటి,
దుప్పటి చివర రెండు కాళ్లు.
ఎవురివో అనుకున్నా.
మడమల్లో ఉప్పు కోసిన పగుళ్లు,
ఎడమ బొటనవేలికి గోరు లేదు,
పోయిన వేసవిలో పలుగు పడి ఊడింది.
నావే.

నడుము దాకే కనపడింది.
మొహం చూద్దామని వంగితే మొహం లేదు.
ఇన్నేళ్లూ అద్దంలో దాన్నే చూసుకున్నానని
కాళ్ల వంతు వచ్చిందో ఏమో.

"చెయ్యెత్తు" అంది డాక్టరమ్మ.
ఎత్తితే అది నా మీదికే దూసుకొచ్చింది,
పరాయి చెయ్యి మాదిరి.
"బీరువా పైన చీటీ పెట్టినాం,
ఏం రాసుందో చెప్పు" అన్నాడు ఖలీలు.
అయ్యా, పైకి పోయినంత మాత్రాన చదువొస్తుందా?
కిందుంటే వేలిముద్ర, పైనుంటే సంతకమా?
గదంతా నవ్వింది.
నిజం చెప్పాలంటే బీరువానే కనపళ్లా.
నా కాళ్లు తప్ప ఇంకేం కనపళ్లా.

మీట తిప్పేశారు.
తొట్టిలో నీళ్లు కుదురుకున్నట్టు
మళ్లీ నాలో నేను కుదురుకున్నా.

పదకొండో ఏట మొదలు ఈ ఎగరడం.
మూర్ఛ వచ్చే ముందు, ఒక్క గుక్క సేపు.
ఉప్పు కుప్పలన్నీ పైనించి చూశా,
చాప మీద ఎండబోసిన వడియాల్లా.
ఎవురికీ చెప్పలా.
గాలి సోకిందంది మేనత్త. చేతిలో తాళాలగుత్తి కుక్కింది.
కసుమూరు దర్గాలో మూడు శుక్రవారాలు
నిద్ర చేయించింది అమ్మ, నా పేరూ అక్కడిదే.
పోయి వస్తా ఉండేది ప్రాణమనుకున్నా.
దానికి దారి తెలుసనుకున్నా.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.
"ఏదీ బయటికి పోలేదు.
కంటిది ఒక కబురు, కాలిది ఒక కబురు,
చెవి లోపలి తూకానిది ఒక కబురు.
అన్నీ కలిపి నువ్వెక్కడున్నావో
మెదడు క్షణక్షణం రాసుకుంటుంది.
ఆ చోటు మేం ముట్టుకుంటే
రాత తప్పుతుంది, అంతే."

మేస్త్రీ పుస్తకమే గదా!
మూడో మడిలో నేను మాడతా ఉంటే
ఒక వారమంతా ఏడో మడి కింద రాశాడు.
గొడవకు పోతే పేజీ తిప్పి చూపించాడు:
"ఇదిగో, నువ్వు ఈడే ఉండావు."
కూలి ఎవురికి పోయిందో ఇప్పటికీ తెలియదు.

ఆ ముక్క తీసేస్తే ఫిట్సు ఆగుతాయంట.
వచ్చే నెల.
కాగితం మీద వేలు పెట్టమన్నారు.
బొటనవేలు సిరాలో అద్ది
ఆగినా.

మొగుడు సూళ్లూరుపేటలో ఇంకో ఇల్లు పెట్టినాక
నా కాళ్ల మీద నేను నిలబడ్డానని
అల్లూరు సంత దాకా చెప్పుకున్నదాన్ని.
నిజంగా నా కాళ్ల మీద ఉండింది
ఇయ్యాళే,
రెండు బారల ఎత్తున.
ఎంత చిన్నవి!
వాటితోనేనా ఆ బస్తాలన్నీ!

"ఇంకొక్కసారి తిప్పుతావా అబ్బయ్యా" అన్నా.
యంత్రానికి గుడ్డ కప్పతా
ఖలీలు తల అడ్డంగా ఊపాడు.
వేలి మీద సిరా ఆరిపోతా ఉండాది.
మంచం అంచు నుంచి కాళ్లు వేలాడేసి
వాటి వంక చూశా.
ఇక్కణ్ణించీ కనపడతాయి,
చూస్తే.